రెండు బండల జాగ

దుబ్బపల్లి,
19 ఆగస్టు 2001, ఆదివారం

శారక్కకు,

నీ తమ్ముడు హనోకు రాసేది. నా పానం మంచిగనే ఉన్నది. నువ్వు, మోషే బావ సల్లగుండాలెనని రోజు ప్రార్థనల తలుసుకుంటున్న.

నౌకరీల చేరి రెండు నెలలు దాటింది, ఇది రెండో ఉత్తరమే అని తిట్టకు. రెంజల్ దాక బస్సు, అక్కడి నుంచి సైకిలు. వాన పడితే రేగడి మన్ను చక్రాలకు పట్టుకొని, సైకిలే నా మీద ఎక్కి వస్తది. ఊరి సుట్టు చెరుకే. మనిషి ఎత్తు దాటింది. తొవ్వల పోతుంటే రెండు దిక్కుల గోడలున్నట్టు ఉంటది, లోపల ఎవలో నడుస్తున్నట్టు ఆకు చప్పుడైతది.

బడి ఏడో తరగతి దాక. పెద్దసారు లింబయ్య, ఇంకొక టీచరమ్మ, నేను. ఆరు, ఏడు తరగతులు ఒకటే అర్రల కూసుంటయ్, ఆ అర్ర నాది. గోడలు పెచ్చులూడినయ్ గని కింద షాబాదు బండలు పరిచిండ్రు, నున్నగ ఉంటయ్.

అసలు ముచ్చట చెప్త. ఎండకాలం పంతుళ్ల శిక్షణల నువ్వు నేర్పిన భావనల పటం ఉన్నది గదా, పైన ఒక పెద్ద మాట గడిల రాసి, కింద చిన్న మాటలు గళ్లల్ల రాసి, గీతలతోని కలిపి, ప్రతి గీత మీద ఆ రెండింటికి ఉన్న సంబంధం రాసుడు. అది బోర్డు మీద ఏస్తే పిల్లలు చూసి ఎక్కించుకున్నరు, అంతే. పుస్తకంలకు ఎక్కింది గని మెదడుకు ఎక్కలే. అందుకని నేను పటాన్ని కిందికి దించిన. చాక్‌పీసుతోని బండల మీద పెద్ద గళ్లు గీసిన. పైన ‘పదార్థం’. దాని కింద ‘శుద్ధ పదార్థం’, ‘మిశ్రమం’. శుద్ధ పదార్థం కింద ‘మూలకం’, ‘సంయోగ పదార్థం’. గీతలకు బదులు సుతిలి తాళ్లు. తలా ఒక వస్తువు ఇంటి నుంచి తెమ్మన్న. అది పట్టుకొని ఏ గడిల నిలబడాల్నో వాళ్లే తేల్చుకోవాలె, ఎందుకో చెప్పాలె.

అంజవ్వ అని ఏడో తరగతి పిల్ల. వాళ్ల బాపు రాజమల్లు చక్కెర ఫ్యాక్టరీల హమాలి. ఆ పిల్ల అక్కడ రసం తెల్లగ చేసెటందుకు వాడే పచ్చటి గంధకం గడ్డ తెచ్చి ఎవల్ని అడుగకుంట పోయి మూలకం గడిల నిలబడ్డది. చక్కెర, ఉప్పు తెచ్చినోళ్లు సంయోగ పదార్థంల. చెరుకు రసం, కాలువ నీళ్లు మిశ్రమంల. పసుపు తెచ్చినోడు ఏ గడిల నిలబడాలెనని పెద్ద లొల్లి. నువ్వుంటే మస్తు సంబురపడుదువు. పిల్లలు దీనికి ‘తాళ్లాట’ అని పేరు పెట్టుకున్నరు.

ఒక్కటే తిరకాసు. కిటికీ కింద రెండు బండల జాగ ఉన్నది. పిల్లలు అక్కడ కూసోరు, కాలు పెట్టరు. తాడు ఆ దిక్కు పోవాలంటే సుట్టు తిప్పి తీస్కపోతరు. పటం అక్కడికొచ్చి వంకర పోతది. ఎందుకురా అంటే చెప్పరు. పోయిన వారం గాలి గూడ పదార్థమే అని చూపెట్టెటందుకు బకెట్ నీళ్లల్ల గ్లాసు బోర్లించి ముంచిన. “గాలి కండ్లకు కనబడది, అయినా జాగ ఆపుతది. అందుకే నీళ్లు లోపలికి పోతలేవు. ఇట్ల కనబడకుంట జాగ ఆపేది ఇంకేమున్నది, చెప్పుండ్రి” అన్న. అర్రల ఉన్న పిల్లలందరు ఒక్కసారే తలకాయలు తిప్పి ఆ రెండు బండల దిక్కు చూసిండ్రు.

నాకు నవ్వొచ్చింది అక్కా. గని ఎందుకో ఆపుకున్న.

గీతల మీద రాసే మాటలు ఎట్ల నేర్పాల్నో రాయి. వీళ్లు అన్నిటి మీద ‘ఉంటది’ అనే రాస్తున్నరు.

నీ తమ్ముడు
హనోకు


నిజామాబాద్,
26 ఆగస్టు 2001

తమ్మీ,

నీ ఉత్తరం బావకు సదివి వినిపించిన. “మీ తమ్ముడు పాఠం చెప్తుండా, పిల్లలతోని బిళ్లాట ఆడుతుండా” అని నవ్విండు. ఈయన ఇప్పుడు గుడి పాటల గుంపుకు పెద్ద అయిండు. పొద్దుమాపు హార్మోనియమే. పక్కింటోళ్లు కిటికీలు మూసుకుంటున్నరు.

‘ఉంటది’ అని రాయనియ్యకు. గడిల మాట, గీత మీది మాట, అవతలి గడిల మాట మూడు కలిపి సదివితే నిజమైన వాక్యం కావాలె. ‘బురద నీళ్లు, వడగడితే విడిపోతయ్’. ‘ఉప్పు నీళ్లు, వడగట్టినా విడిపోవు, ఎండబెడితే ఉప్పు మిగుల్తది’. చేసి చూపెట్టు, అప్పుడు వాళ్లే రాస్తరు. గళ్లల్ల పేర్లు ఎవలన్న రాస్తరు. నడుమ ఏమున్నదో రాసుడే చదువు.

ఇగ ఆ రెండు బండల సంగతి. నవ్వొచ్చిందని రాసినవ్, నాకు రాలే. బడిల జాగ వదులుడంటే ఏందో నీకు తెల్వదు. నువ్వు పుట్టకముందు బాపు ఎడపల్లి దిక్కు ఒక పటేలు కాడ జీతమున్నడు. నేను అక్కడి బడికి పోయిన. గడప పక్కన కూసునేదాన్ని. నా సుట్టు ఒక చాపంత జాగ ఎప్పుడు ఖాళీ ఉండేది. అక్కడ ఎవలు గీత గియ్యలే హనోకూ, అయినా అందరికి కనబడేది. పక్కన కూసున్న పిల్ల పలక జారి నా దిక్కు పడితే, నేను తీసి ఇచ్చేదాక చూసి, నీళ్లతోని కడుక్కొని తీసుకునేది.

ఆ బండలకు ఆనుకొని ఎవలు కూసుంటున్నరు? ఏ వాడ పిల్ల? కండ్లు తెరిచి చూసి రాయి.

అక్క
శారమ్మ


దుబ్బపల్లి,
5 సెప్టెంబరు 2001

అక్కా,

ఈ రోజు పిల్లలే పంతుళ్లయిండ్రు. అంజవ్వ వాళ్లవ్వ చీర కట్టుకొని, నా బెత్తం పట్టుకొని వచ్చి మిశ్రమాల పాఠం చెప్పింది. నాకంటె మంచిగ చెప్పింది. నన్ను లేపి ప్రశ్న అడిగింది. నేను తప్పు చెప్పిన, పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు.

నువ్వు అనుకున్నట్టు ఇక్కడ ఏమి లేదు. వారం దినాలు పట్టి చూసిన. అన్ని వాడల పిల్లలు కలిసే కూసుంటరు. మన వాడ పోరడు, పటేలు బిడ్డ ఒకటే చాప మీద. ఆ బండల పక్కన ఇయ్యాల ఒకరు, రేపు ఇంకొకరు. అక్కడ ఏ పిల్లా లేదు అక్కా. వట్టి జాగ.

గని నువ్వు చూడుమన్నవని చూస్తే వేరే సంగతులు కనబడ్డయ్. చాక్‌పీసు గీత ఆ బండల మీద నుంచి నేనే గీసిన. తెల్లారి వచ్చేసరికి అంతట ఉన్నది, అక్కడ మటుకు లేదు. తుడిచినట్టు గాదు, అరచేత్తోని రుద్దినట్టు. బడి ఊడ్చే నర్సవ్వను అడిగితే “నేను ఆడ ఊడువ సారూ” అన్నది. వాన పడక చాన రోజులైంది, మిగిలిన బండలు ఎండిపోయి ఉంటే ఆ రెండు తడితడిగ ఉంటయ్. కింద ఊట ఉన్నదేమో అనుకున్న.

ఇంకొకటి. నువ్వు ఉప్పు నీళ్లకు చెప్పినట్టే చక్కెర నీళ్లు ఎండబెట్టి చూపెట్టాలెనని ఒక గాజు గ్లాసుల కలిపి ఆ బండల మీద పెట్టిన. కిటికీల నుంచి ఎండ పడేది అక్కడ్నే. పగటీలి గంటకు తాళమేసి తిండికి పోయిన, తాళంచెవి నా జేబుల. మల్ల వచ్చేసరికి గ్లాసు ఖాళీ. పిల్లి తాగిందేమో అంటే గ్లాసు పక్కకు పడలే, నిలబడే ఉన్నది. తెల్లారి మల్ల పెట్టిన. మల్ల అట్లనే. పిల్లలు నా దిక్కు చూస్తున్నరు, గ్లాసు దిక్కు చూస్తలేరు.

నవ్వుకుంట రాయాలెనని మొదలుపెట్టిన. ఇక్కడికొచ్చేసరికి నవ్వు పోయింది.

హనోకు


నిజామాబాద్,
13 సెప్టెంబరు 2001

హనోకూ,

నువ్వు బీఎస్సీ సదివినవా, మన్ను సదివినవా? పూట తిరిగేలోపల గ్లాసెడు నీళ్లు ఆవిరైతయా? ఆవిరైతే గ్లాసు అడుగున చక్కెర పొర కట్టాలె గదా. కట్టిందా? కట్టలేదు, కడితే రాద్దువు. అంటే నీళ్లు, చక్కెర రెండు కలిసే పోయినయ్. అట్ల పోయేది ఒక్క తీరుగనే. తాగితే.

నీ అర్రల దాహం మీదున్న పిల్ల ఒకతి ఉన్నది. పాత కిటికీకి సువ్వలుంటయో లేవో చూడు. అందరితోని కలిసి తాగనియ్యని పిల్ల అయితేనే దొంగతనంగ వచ్చి తాగుతది. నేను తాగిన గనుక తెలుసు. కూసోబెట్టుడు మటుకు కలిపి కూసోబెట్టి, కుండ కాడ వేరు చేస్తరు. నువ్వు కొత్తోనివి, నీ ముందల చెయ్యరు. ఆ అంజవ్వనే అయి ఉంటది. అంత తెలివిగల్ల పిల్ల నోరు మూసుకొని ఉంటున్నదంటే ఏదో ఉన్నది.

నీకు చెప్తే నవ్వులాటకు పోతున్నవని, మీ పెద్దసారు లింబయ్యకే ఒక కార్డు రాసి ఏసిన. ‘మీ బడిల ఒక ఆడపిల్లకు తాగ నీళ్లు ఇస్తలేరని నాకు తెలిసింది. ఆ పిల్ల ఎవరో మీకు తెలుసు’ అని రాసిన. కోపానికి రాకు. ఎవలో ఒకరు అడుగాలె.

బావకు దగ్గు తగ్గింది.

శారమ్మ


దుబ్బపల్లి,
23 సెప్టెంబరు 2001

అక్కా,

కోపానికి రాకన్నవ్. వచ్చిన. నన్ను అడుగకుంట నా పెద్దసారుకు ఎట్ల రాస్తవ్? అంజవ్వది రైతు కులం, ఆ పిల్లకు నీళ్లు పొయ్యనిదెవలు? నువ్వు లేని పిల్లను చూస్తున్నవని నీకు రాద్దామని కాయితం ముందలేసుకొని కూసున్న. గని జరిగింది వేరే. ఉన్నది ఉన్నట్టు రాస్త, ఓపికతోని సదువు.

నీ కార్డు రాకముందే నేనొక పని చేసిన. ఈ భయం ఇరుగగొట్టాలెనని తాళ్లాట పెట్టి, మూలకం గడిని కావాల్నని ఆ రెండు బండల మీదనే గీసిన. “అంజవ్వా, నిలబడ్తవా?” అన్న. “మీరు చెప్తే నిలబడ్త సార్” అన్నది. గంధకం గడ్డ పట్టుకొని నిలబడ్డది. జరసేపటికి ఆ పిల్ల ఎడమ దిక్కు ఒరిగింది. సంకల బిడ్డను ఎత్తుకున్నోళ్లు ఒరుగుతరు సూడు, అట్ల.

“ఏమైందే?”

“బరువున్నది సార్.”

“గంధకమా?”

“కాదు సార్. ఆనుకున్నది.”

రెక్క పట్టి గుంజిన. ఎడమ చెయ్యి మోచెయ్యి దాక తడి. ఆ మాపటికే జరం పట్టుకున్నది. రాజమల్లు వచ్చిండు. కొడ్తడేమో అనుకున్న. దర్వాజ కాడ నిలబడి “సారూ, ఇంత పెద్ద అర్రల ఆ రెండు బండలు వదిలిపెడితే మనదేం పోతది” అని మెల్లగ అని పోయిండు. కొట్టినా బాగుండు.

అప్పుడొచ్చింది నీ కార్డు. లింబయ్య సారు దాన్ని పట్టుకొని నా అర్రకు వచ్చిండు.

“మీ అక్కకు ఎవలు చెప్పిండ్రు?”

“ఏం సంగతి సార్?”

“మూడేండ్లాయె. ఎవలు చెప్పిండ్రు చెప్పు.”

ఆయననే అర్ర ముందటి మెట్ల మీద కూలబడి చెప్పిండు. మహారాష్ట్ర దిక్కు బిలోలి నుంచి చెరుకు కొట్టెటోళ్లు ఏటా వస్తరు గదా. అట్ల వచ్చిన రుక్మాబాయి, మొగడు లేని మనిషి, తన బిడ్డను ఒక్క సీజన్ ఈ బడిల ఏసింది. పేరు గోదావరి. గోదు అనేటోళ్లు. నాలుగో తరగతి, అప్పుడు ఆ తరగతి ఈ అర్రలనే. అప్పుడున్న పంతులు, ఆయన బదిలీ మీద ఎటో పోయిండు, ఆ పిల్లను కిటికీ కింద కూసోబెట్టిండు. సుట్టు జాగ. కుండ ముట్టనిచ్చెటోళ్లు కాదు, ఎవలన్న దోసిట్ల పోస్తే తాగేది. మార్చి నెల ఎండ. ఆ పొద్దు ఎవలు పొయ్యలే. “ఎవలో ఒకరు పోస్తరనుకున్నం. కుండ నా అర్ర ముందర్నే ఉండె” అన్నడు లింబయ్య సారు. ఆ పిల్ల పంట కాలువ కాడికి పోయింది. వంగి తాగపోయి జారింది. తల్లికి మటుకు ఆడుకోపోయి పడ్డదని చెప్పి పంపిండ్రు.

లేని పిల్ల గురించి నువ్వు రాసింది నిజమే అయింది. నాకు ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు.

హనోకు


(పోస్టుకార్డు)
నిజామాబాద్, 30 సెప్టెంబరు

తమ్మీ,

శనివారం సెలవు పెట్టి వస్తున్న. పొద్దుగాల్ల బోధన్ బస్సుకు ఎక్కుత.

పిల్లను అక్కడ ఎందుకు నిలబెట్టినవ్? ఇంక ఎవల్ని నిలబెట్టకు, నువ్వు నిలబడకు. మీరందరు గోదు జాగల నిలబడుతున్నరు. ఆమె పక్కన ఎవలు కూసుంటలేరు. ఈ రెండింటికి నడుమ తేడా మీకు తెల్వదు, నాకు తెలుసు.

కుండ నింపిపెట్టు.

శారమ్మ


దుబ్బపల్లి,
10 అక్టోబరు 2001

అక్కా,

శనివారం నీకు ఏమైందో ఒక్క మాట చెప్పకుంట మాపటి బస్సెక్కి పోయినవ్. ఎడమ చెయ్యి కొంగుల చుట్టుకొని కూసున్నవ్. అందుకని నేను చూసింది నేను రాస్త, నీకు తెలిసింది నువ్వు రాయి.

నువ్వు చెప్పులు బయట ఇడిసి, కుండల నుంచి చెంబు ముంచుకొని వచ్చినవ్. చెంబు బండల మీద పెట్టి, పక్క బండ మీద సక్కంముక్కలం ఏసుకొని కూసున్నవ్. నీ చీర అంచు ఆ బండకు తాకుతున్నది. “పాఠం చెప్పు” అన్నవ్. నేను మిశ్రమాల పాఠం మొదలుపెట్టిన. ఏం చెప్పిన్నో నాకు యాదికి లేదు. నిన్నే చూస్తున్న. నీ ఎడమ చెయ్యి మెల్లగ లేసింది, లేసి ఆడనే ఆగింది, కింద ఏదో ఉంటే దాని మీద ఏసినట్టు. పిల్లలు చూసిండ్రు. ఒక్కరు లేసి ఉరుకలే.

తర్వాత నువ్వు అడిగినవ్. “ఈమె పేరేంది పిల్లలూ?”

అంజవ్వ అన్నది, “గోదు.”

“రాయి.”

చీటీ మీద రాసింది. దాన్ని ఏ గడిల పెట్టాలెనని పిల్లలల్ల లొల్లి మొదలైంది. ఒకడు మిశ్రమం అన్నడు. ఒకడు “ఆమె పదార్థమే కాదు” అన్నడు. “జాగ ఆపుతది, బరువున్నది, నేను చూసిన” అని అంజవ్వ వాని మీదికి పోయింది. నేను నడుమ రాబోతే నువ్వు కండ్లతోనే వద్దన్నవ్. అంజవ్వ గోదు చీటీని ఏ గడిల పెట్టకుంట, తీస్కపోయి ఆ బండ మీదనే పెట్టింది. ఇంకో చీటీ మీద తన పేరు రాసి నీ పక్కన పెట్టింది. రెండింటికి సుతిలి కలిపి, దాని మీద పెట్టే చీటీల ‘పక్కన కూసుంటది’ అని రాసింది. రాసి, వచ్చి కూసున్నది. అది చూసి ఇంకొక పిల్ల లేసింది. ఆమె వెనుక ఇంకొకడు. ఆ పొద్దు తాళ్లు ఆ బండలను సుట్టి పోలే, అక్కడికే వచ్చినయ్.

మీరు బయటికి పోయినంక చెంబు చూసిన. ఖాళీ. నేను ఎవల్ని అడుగలే.

సోమవారం నుంచి పిల్లలు తామే చెంబు నింపి పెడుతున్నరు. గీతలు చెరుగుతలేవు. అంజవ్వ రోజు ఆడనే కూసుంటున్నది, జరం లేదు ఏం లేదు. నాకు మటుకు ఒక్కటే ఆలోచన. ఆ తల్లికి ఎరుక చెయ్యాలె గదా. చెరుకు కొట్టెటోళ్లు దసర దాటినంక వస్తరు. రాజమల్లుకు వాళ్ల గుడిసెలు ఎరుకే. ఏమంటవ్?

హనోకు


నిజామాబాద్,
8 నవంబరు 2001

తమ్మీ,

ఆలస్యంగ రాస్తున్న. చేతి వల్ల. కుడిచేతి రాతనే అయినా ఎడమచెయ్యి కాయితం మీద ఆనుతలేదు. బోళ్లు పట్టుకుంటే జారుతున్నయ్. బావ డాక్టరుకు చూపించిండు, ఏమి లేదన్నడు. నొప్పి కాదు. మొద్దుబారింది. ఏందో చాన సేపు మోసి దించినట్టు.

నాకు తెలిసింది చెప్పుమన్నవ్. కూసోంగనే ఏమి కాలే. నాకు సిగ్గనిపించింది, ఇంత సదువుకొని బండల పక్కన కూసున్ననే అని. తర్వాత సల్లగ అయింది. కాలువ నాచు వాసన వచ్చింది. తర్వాత నా భుజానికి ఒక తలకాయ ఆనింది. పెద్ద తలకాయ కాదు. నూనె లేని తడి వెంట్రుకలు. నిద్రకొచ్చిన పిల్ల ఒరిగినట్టు, మొదలు జరంత, నేను జరుగనని నమ్మకం కుదిరినంక మొత్తం బరువు. భయం కాలే హనోకూ. నాకు గూడ గొంతెండింది. ఎడపల్లి బడిల నేను గడప పక్కన కూసున్నప్పుడు నా దిక్కు ఎవలన్న ఒక్కసారి ఇట్ల ఒరిగితే అని ఎన్ని పొద్దులు అనుకున్ననో. ఎవలు ఎవలకు ఆనుకున్నమో కొంతసేపటికి నాకు తెల్వలే.

రుక్మాబాయికి చెప్పకు. ఏమని చెప్తవ్? నీ బిడ్డ ఆటకు పోయి పడలేదు, దాహంతోని పోయింది, ఇంకా ఇక్కడ్నే కూసున్నది అని చెప్తవా? ఒకసారి ఏడ్సి ఊకున్న తల్లి. మల్ల ఎందుకు కోస్తవ్? ఆ పిల్లకు ఇప్పుడు దోస్తులున్నరు, నీళ్లున్నయ్. నేను నెలకోపాలి వస్త. ఉండని. నా మాట విను.

అక్క


దుబ్బపల్లి,
25 నవంబరు 2001, ఆదివారం

అక్కా,

నీ చెయ్యి ఎట్లున్నది? వద్దని నువ్వు రాసిన ఉత్తరం నాకు అందేసరికి రాజమల్లు రుక్మాబాయికి చెప్పనే చెప్పిండు. మన మాటలు తొవ్వల ఒకదాన్నొకటి దాటిపోయినయ్. నువ్వు కోప్పడినా సరే, జరిగింది చెప్త.

ఫ్యాక్టరీ నడుస్తున్నది. గాలి మళ్లితే ఊరంత చక్కెర మడ్డి వాసన. తొవ్వంత చెరుకు బండ్లు. నిన్న పొద్దుగాల సంయోగ పదార్థాల పాఠం చెప్తున్న. దర్వాజల నీడ పడ్డది. సన్నటి మనిషి, గోచి పెట్టి కట్టిన కాష్ట చీర, చేతిల చెరుకు కొట్టే కొయ్త, రెక్కల నిండ ఆకు కోసిన గీతలు. కొయ్త బయట గోడకు ఆనిచ్చి లోపలికి వచ్చింది. ఎవలమ్మా అని నేను అడుగలే. ఎక్కడ అని ఆమె అడుగలే. పిల్లల నడుమల నుంచి నేరుగ కిటికీ కిందికి పోయి కూసున్నది. అంజవ్వ జరిగి జాగ ఇచ్చింది. రుక్మాబాయి ఒక చెయ్యి చాపింది, ఒడి సర్దుకున్నది. మరాఠీల మెల్లగ ఏదో మాట్లాడుకుంట కూసున్నది, మనకు వినెటందుకు కాదు. పాఠం ఆపితే, చెప్పు చెప్పు అని నాకు చెయ్యి ఊపింది. చెప్పిన. బిడ్డ సదువుతుంటే వింటున్నట్టు విన్నది.

లింబయ్య సారు వచ్చిండు. తనే చెంబు ముంచుకొని వచ్చి ఆమె ముందల పెట్టి నిలబడ్డడు.

“ఆ పొద్దు నీకు తప్పు చెప్పినం. ఆడుకోపోలే. నీళ్లకు పోయింది” అన్నడు.

“ఎరుకే సారూ” అన్నది. “నా గోదుకు కాలువంటె భయం. ఆటకు పోయే పిల్ల కాదు. అప్పుడే ఎరుకే.”

ఆయన తెచ్చిన నీళ్లు ఆమె ముట్టలే.

బడి ఇడిసే గంట కొట్టిండ్రు. పిల్లలు ఒక్కరు కదలలే. రుక్మాబాయి లేసింది. ఎట్ల లేసిందో చెప్త అక్కా. ఒక చెయ్యి కింద పెట్టుకొని, ఒక చెయ్యి వీపు మీద ఏసుకొని, ముందు ఒక మోకాలు ఎత్తి, ఊపిరి బిగవట్టి, నిద్రపోయిన పిల్ల లేవకుంట లేసినట్టు. లేవంగ తూలితే అంజవ్వ నడుము పట్టింది. ఆ బండల మీద నుంచి అడుగు తీసిన కాడ కొన్ని నీళ్ల చుక్కలు పడ్డయ్, దర్వాజ దాక.

మా అర్ర తలుపుకు ఒక రెక్క ఎప్పుడు గొళ్లెం పెట్టే ఉంటది. ఉన్న సందుల నుంచి ఆమె అడ్డం తిరిగి, భుజం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకొని, తలకాయ దర్వాజకు తాకకుంట పోవాలెనని చూస్తున్నది. పడుతలేదు. నేను ఉరికి గొళ్లెం గుంజిన. తుప్పు పట్టింది, రాలే. రెండు చేతులతోని గుంజి రెండో రెక్క తీసిన. ఆమె నా దిక్కు చూడలే. మెల్లగ దాటింది.

గోడకు ఉన్న కొయ్త కాడ ఆగింది. వంగరాదు, చేతులు ఖాళీ లేవు. అంజవ్వ పోయి కొయ్త తీసుకొని, ఆమె వెనుక, చెరుకు బండ్లు ఆగిన రోడ్డు దాక నడిచింది.

నీ తమ్ముడు
హనోకు